పొలం పిల్లల పేరు మీదికి మార్చేటప్పుడు పన్ను ఎప్పుడు పడుతుంది?

నాన్న పేరు మీదున్న నాలుగెకరాలు కొడుక్కీ కూతురికీ రాయాలనుకున్నప్పుడు అందరూ ముందు అడిగేది, "టాక్స్ ఎంత కట్టాలి?" అని. రాసిన రోజున ఆదాయపు పన్ను సాధారణంగా సున్నా. మన దేశంలో వారసత్వ పన్ను లేదు, చనిపోయినవాళ్ల ఆస్తి మీద వేసే ఎస్టేట్ డ్యూటీని 1985లోనే ఎత్తేశారు. తల్లిదండ్రులు పిల్లలకు దానంగా ఇచ్చినా, వీలునామా ద్వారా వచ్చినా ఇచ్చినవాళ్లకు మూలధన లాభం పన్ను (ఆస్తి అమ్మితే వచ్చే లాభం మీద పన్ను) ఉండదు, తీసుకున్నవాళ్లకూ అది ఆదాయం కాదు. పన్ను పడేది పిల్లలు ఆ పొలాన్ని అమ్మిన రోజున. ఎంత పడుతుందో మాత్రం మీరు ఇవాళ ఏ దస్తావేజు రాస్తున్నారు, ఏ కాగితాలు దాస్తున్నారు అనేదాన్ని బట్టి ఉంటుంది.

అందుకే మొదట తేల్చుకోవలసింది, ఆదాయపు పన్ను చట్టం లెక్కలో మీ పొలం "గ్రామీణ వ్యవసాయ భూమి" అవునా కాదా అని. అవునైతే అది మూలధన ఆస్తే కాదు. పిల్లలు ఎంతకు అమ్మినా ఇక్కడ మూలధన లాభం పన్ను లేదు. పదివేలు, ఆపైన జనాభా ఉన్న మున్సిపాలిటీ పరిధిలో ఉంటే గ్రామీణం కాదు. పరిధి బయట ఉన్నా దూరం చూడాలి. పదివేలు దాటి లక్ష వరకు జనాభా ఉన్న పట్టణానికి 2 కిలోమీటర్లలోపు, లక్ష దాటి పది లక్షల వరకైతే 6 కిలోమీటర్లలోపు, పది లక్షలు దాటితే 8 కిలోమీటర్లలోపు ఉన్న పొలం పన్ను కిందికి వస్తుంది. దూరాన్ని పట్టణం నడిబొడ్డు నుంచి కాదు, మున్సిపల్ సరిహద్దు నుంచి కొలుస్తారు. అదీ రోడ్డు మీద కాదు, మ్యాపు మీద తిన్నగా గీత గీసినట్టు. రోడ్డు మీద తొమ్మిది కిలోమీటర్లు తిరిగి వెళ్లే పొలం గీతలో అయిదున్నరే ఉండొచ్చు. పొరపాటు ఎక్కువగా జరిగేది ఇక్కడే. పంచాయతీలను మున్సిపాలిటీల్లో కలిపేస్తున్న కాలం కాబట్టి, నాన్న రాసినప్పుడు గ్రామీణమైన పొలం కొడుకు అమ్మేనాటికి కాకపోవచ్చు. లెక్కలోకి వచ్చేది అమ్మిన నాటి పరిస్థితే.

పొలం పన్ను కిందికి వస్తే, దానంగానో వారసత్వంగానో వచ్చిన భూమికి పిల్లల కొనుగోలు ధర సున్నా కాదు. పాత యజమాని ఎంతకు కొన్నాడో అదే వీళ్ల ధర. ఆయన అనుభవించిన కాలం కూడా వీళ్ల లెక్కలో కలుస్తుంది. 2001 ఏప్రిల్ 1కి ముందు నుంచీ కుటుంబంలో ఉన్న పొలమైతే ఆ తేదీనాటి మార్కెట్ విలువను ధరగా తీసుకోవచ్చు. అయితే ఆనాటి రిజిస్ట్రేషన్ శాఖ విలువ దొరికితే దాన్ని మించకూడదు. తాత ఎకరం మూడువేలకు కొన్న పొలానికి ఈ వెసులుబాటు చాలా విలువైనది. కోటి రూపాయలకు అమ్మారనుకోండి. 2001 విలువ పది లక్షలని చూపగలిగితే 12.5 శాతం చొప్పున పన్ను 11.25 లక్షలు. ఇరవై లక్షలని చూపగలిగితే పది లక్షలు. ఏ కాగితమూ లేకపోతే దాదాపు మొత్తం అమ్మకం ధర మీద వాదించుకోవాలి. పైన సెస్సు, ఆదాయాన్ని బట్టి సర్‌ఛార్జీ వేరే.

2024 జూలై 23కు ముందు సంపాదించిన భూమి విషయంలో భారత నివాసులకు ఇంకో దారి ఉంది. ఇండెక్సేషన్‌తో, అంటే ధరల పెరుగుదలకు తగ్గట్టు కొనుగోలు ధరను పెంచుకుని, 20 శాతం లెక్కకడితే తక్కువ వస్తే అంతే కట్టొచ్చు. విదేశాల్లో నివసిస్తున్న పిల్లలకు ఈ దారి లేదు.

కాబట్టి దస్తావేజు రాసే వారంలోనే సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో ఆ సర్వే నంబరుకు 2001 ఏప్రిల్ 1 నాటి మార్కెట్ విలువ ధ్రువపత్రానికి దరఖాస్తు పెట్టండి. పాత లింకు దస్తావేజుల నకళ్లు, ఈసీ (లావాదేవీలు చూపే ధ్రువపత్రం), 1బి (భూ యాజమాన్య రికార్డు), అడంగల్ లేదా పహాణీ (సాగు రికార్డు) కలిపి ఒక ఫైలు చేసి పిల్లలకు ఇవ్వండి. సాగు చేసినట్టు చూపే పహాణీ ఎందుకంటే, రెండేళ్లుగా యజమానో వాళ్ల తల్లిదండ్రులో సాగు చేసిన భూమిని అమ్మి, రెండేళ్లలో మళ్లీ వ్యవసాయ భూమి కొంటే, కొత్త పొలానికి పెట్టిన మేరకు లాభం మీద మినహాయింపు దొరుకుతుంది. రిటర్ను గడువులోగా కొనలేకపోతే ఆ డబ్బును బ్యాంకులో మూలధన లాభాల ఖాతాలో వేయాలి. మామూలు సేవింగ్స్‌లో ఉంచితే మినహాయింపు పోతుంది.

ఇక దస్తావేజు సంగతి. తండ్రీకొడుకుల మధ్య విక్రయ దస్తావేజు రాయడం పెద్ద పొరపాటు. పట్టణానికి దగ్గరి పొలమైతే తండ్రికి మూలధన లాభం పన్ను పడుతుంది. తక్కువ ధర చూపినా ప్రభుత్వ విలువనే తీసుకుంటారు. దానం లేదా సెటిల్‌మెంట్ దస్తావేజు రాస్తే ఈ బాధ లేదు. కుటుంబ సభ్యులకు స్టాంపు డ్యూటీ కూడా అమ్మకం కంటే తక్కువ. దానపత్రానికి రిజిస్ట్రేషన్, ఇద్దరు సాక్షులు, దాత బతికుండగానే గ్రహీత అంగీకారం తప్పనిసరి. పసుపు కుంకుమ కింద ఆడపిల్లకిచ్చామని తెల్లకాగితం మీద రాసుకున్నది రేపు పాస్‌బుక్‌కీ పన్ను లెక్కకీ బలమైన ఆధారం కాదు. ఆమె వాటాను ఆమె పేరున రిజిస్టర్ చేయించండి. అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు హక్కు విడుదల పత్రం రాసుకునేటప్పుడు డబ్బు చేతులు మారితే అది దానం కాదు, ఇచ్చిన వాటాకు అమ్మకమే అవుతుంది.

పెద్దవాళ్లకు ఒక మాట. ఇచ్చిన దానం తిరిగి రాదు. మిమ్మల్ని పోషించాలనే షరతును దస్తావేజులోనే రాయించండి. 2007 నాటి వృద్ధుల సంరక్షణ చట్టం కింద రద్దు కోరాలంటే ఆ వాక్యమే ఆధారం.

దానానికి పన్ను మినహాయింపు ఇచ్చే దగ్గర బంధువంటే ఎవరో చట్టంలో పట్టిక ఉంది, అది రెండువైపులా ఒకేలా ఉండదు. బాబాయి అన్న కొడుక్కిస్తే పన్ను లేదు. అదే అన్న కొడుకు బాబాయికిస్తే మినహాయింపు వర్తించదు. పెదనాన్న పిల్లలు, మేనత్త పిల్లలు ఒకరికొకరు ఇచ్చుకున్నా అంతే. కోడలి పేరున రాస్తే పన్ను పడదు గానీ, ఆ భూమి మీద ఆదాయం, అమ్మితే వచ్చే లాభం మామగారి ఆదాయంలోనే కలుపుతారు. భార్య పేరున రాసినా ఇదే. అల్లుడికి మాత్రం ఈ కలపడం లేదు. మైనర్ మనవడి పేరున పెడితే లాభం తల్లిదండ్రుల్లో ఎక్కువ ఆదాయం ఉన్నవారి ఖాతాలోకి వెళ్తుంది. పైగా అమ్మాలంటే కోర్టు అనుమతి కావాలి.

పిల్లలు అమెరికాలో ఉంటే ఇక్కడ తప్పక ఆగాలి. ఎన్నారైలు వ్యవసాయ భూమిని కొనకూడదు, దానంగానూ తీసుకోకూడదు. వారసత్వంగా మాత్రం పొందొచ్చు. అంటే వాళ్లకు గిఫ్ట్ డీడ్ కాదు, వీలునామా రాయాలి. రిజిస్ట్రేషన్ జరిగిపోయినంత మాత్రాన ఫెమా (విదేశీ మారకద్రవ్య చట్టం) ఉల్లంఘన మాసిపోదు. తర్వాత వాళ్లు అమ్మినా భారత నివాసికే అమ్మాలి. గ్రామీణ భూమి కాబట్టి ఇక్కడ పన్ను లేకపోయినా, అమెరికా పన్ను నివాసులు అక్కడి రిటర్నులో ఆ లాభం చూపాలి.

ఉద్యోగం చేసే కొడుక్కి పొలం వచ్చిన ఏడాది నుంచి రిటర్ను కూడా మారుతుంది. కౌలు డబ్బు వ్యవసాయాదాయమే, దానికి పన్ను లేదు. కానీ అయిదువేలు దాటితే శ్లాబు రేటు లెక్కలో కలుస్తుంది, జీతగాళ్లు మామూలుగా వేసే సులువైన రిటర్ను ఫారం ఐటీఆర్-1 వేయడానికి వీల్లేదు. 2026 ఏప్రిల్ 1 నుంచి కొత్త ఆదాయపు పన్ను చట్టం వచ్చి సెక్షన్ నంబర్లు మారాయి కాబట్టి, పాత నంబర్లతో ఉన్న నమూనా పత్రాలను ఆడిటర్‌తో ఒకసారి సరిచూపించుకోండి.