నాగయ్య కోసం ఖాళీగా ఉంచిన అర

అక్టోబరు 5, 2025, ఆదివారం

వానలు ముదరక ముందే పాత సినిమా డిస్కుల బీరువా పని ముగించాలని పొద్దున్నే కూర్చున్నా. 2021 నవంబరులో తిరుపతిని ముంచిన వానకు మా ఇంట్లో మోకాలి దాకా నీళ్ళు నిలిచాయి. కింది అరలో ఉన్న 60 డబ్బాల్లో అట్టలు తడిసి డిస్కులకు అతుక్కుపోయాయి. అప్పుడే తుడిచి ఆరబెట్టా గానీ, ఒక్కొక్కటీ వెలుతురులో పట్టి చూసింది మాత్రం ఈ వారమే. మొత్తం లెక్క: వీసీడీ (వీడియో సీడీ) సెట్లు 212, డీవీడీలు 168, బ్లూరేలు 31.

చూసే పద్ధతి చెప్తా, పాత డిస్కులున్న వాళ్ళందరికీ పనికొస్తుంది. గదిలో ట్యూబ్‌లైటు ఒక్కటే వేసి, డిస్కును అంచులతో పట్టుకుని లైటుకు అడ్డంగా పెట్టాలి. లోపలి వెండి రంగు పొర చెడిపోయిన చోట సూదిమొన అంత చుక్కలు మెరుస్తాయి. అంచు నుంచి లోపలికి రాగి రంగు పాకుతుంటే అది ఇంకా చెడ్డ గుర్తు. వీసీడీ అంటే సీడీయే. దాని వెండి పొర బొమ్మ అచ్చేసిన పైవైపున, సన్నటి వార్నిష్ కింద ఉంటుంది. అందుకే అడుగున పడిన గీత కన్నా పైన పడిన గీతే ప్రాణం తీస్తుంది. డీవీడీలో పొర రెండు ప్లాస్టిక్ పలకల నడుమ ఉంటుంది కాబట్టి కొంచెం నయం.

ఒకప్పటి అద్దె షాపు నుంచి వచ్చిన డిస్కు ఒకటుంది. ఎవరో బాల్‌పెన్నుతో గట్టిగా ‘217’ అని రాశారు. సిరా ఎప్పుడో చెరిగిపోయింది. లైటుకు పట్టి చూస్తే మాత్రం ఆ అంకె వెలుగుతో రాసినట్టు స్పష్టంగా కనిపిస్తుంది. రెండు, ఒకటి, ఏడు ఆకారాల్లోనే పొర పోయింది. ఆ మేరకు సినిమా కూడా పోయింది.

చుక్కలు పడినవి 37. అసలు తిరగనివి 9. తుడిచేటప్పుడు మెత్తటి బట్టతో మధ్య నుంచి అంచుకు నేరుగా తుడవండి, గుండ్రంగా తిప్పొద్దు. గుండ్రపు గీత పడితే డేటా వెంటే నడుస్తుంది, అడ్డగీతనైతే ప్లేయరు దాటేస్తుంది.

అక్టోబరు 19

సర్దడం అయింది. హీరోల వారీగా పెట్టే అలవాటు మానేసి, సినిమా తీసిన ఏడాది వారీగా పెట్టా. దాంతో ఒక సంగతి కళ్ళకు కట్టింది. 1951 నుంచి అరలు కిక్కిరిసి ఉన్నాయి. పాతాళభైరవి, మల్లీశ్వరి దగ్గర మొదలై వరసగా నిండిపోయాయి. అంతకు ముందటి అర దాదాపు ఖాళీ.

ఆ అర చిత్తూరు నాగయ్యది. ఆయన పుట్టింది గుంటూరు జిల్లాలో. చిత్తూరు రామవిలాస సభ నాటకాల్లో వేషాలు కట్టి, ఊరి పేరే ఇంటిపేరు చేసుకున్నాడు. మా తాత చిత్తూరాయనే. త్యాగయ్యగా, వేమనగా, పోతనగా నాగయ్యను చూసిన మనిషి. పళ్ళెం ముందు కూర్చుని పద్యం ఎత్తుకుంటే అవ్వ ఇంక అన్నం వడ్డించేది కాదు, ఆగి వినేది. ఆ అరను నింపాలన్నది నా పట్టుదల. ఇప్పటికి అందులో ఉన్నది యోగి వేమన మూడు వీసీడీల సెట్టు ఒక్కటే. మూడో డిస్కు చుక్కల లెక్కలోనే ఉంది.

నవంబరు 16

మొన్న 14న ‘శివ’ 4కెలో మళ్ళీ థియేటర్లకు వచ్చింది. ఈ ఏడాదే ఏప్రిల్‌లో ఆదిత్య 369, మే 9న జగదేకవీరుడు అతిలోకసుందరి వచ్చాయి. మా గుంపులో అయిదుగురం. నెలకోసారి లీలామహల్ సర్కిల్ దగ్గర టీ తాగుతూ ఏ పాత సినిమా ఎప్పుడు మంచి ప్రతిగా ఇంటికొస్తుందో అంచనాలు వేసుకుంటాం. ఈసారి వాదన గట్టిగానే జరిగింది.

నా లెక్క ఇది. సినిమా ఎంత గొప్పదన్నది తర్వాత. ముందు అడగాల్సింది నెగెటివ్ ఎక్కడుంది, ఏ స్థితిలో ఉంది, స్కాన్ ఖర్చు ఎవరు పెట్టుకున్నారు అని. థియేటర్ కోసం 4కె చేసిన సినిమాకు ఆ ఖర్చు అయిపోయింది. మూడు గంటల సినిమా అంటే సెకనుకు 24 చొప్పున 2,59,200 ఫ్రేములు. ప్రతి ఫ్రేమునూ స్కాన్ చేసి, గీతలూ మరకలూ తీయాలి. అదంతా చేసి పెట్టుకున్నవాళ్ళు దాన్ని ఏదో ఒక రూపంలో ఇంటికి పంపకుండా ఉండరు. కాబట్టి 80లు, 90ల సినిమాల మీద నాకు బెంగలేదు. డిస్కుగా వస్తాయా, ఫోన్‌లోనే వస్తాయా అన్నదే మిగిలిన ప్రశ్న.

మాయాబజార్ సంగతి వేరు. 2010 జనవరిలో రంగులేసి, నిడివి తగ్గించి విడుదల చేశారు. జనం సంతోషంగా చూశారు, నేనూ చూశా. కానీ కెమెరామన్ మార్కస్ బార్ట్లీ నలుపు తెలుపులో పట్టిన వెన్నెల నాకు కావాలి, ఒక్క పాట కోత లేకుండా కావాలి. 2024 సెప్టెంబరులో అక్కినేని శతజయంతికి ఫిల్మ్ హెరిటేజ్ ఫౌండేషన్, ఎన్‌ఎఫ్‌డీసీ–నేషనల్ ఫిల్మ్ ఆర్కైవ్ కలిసి దేశంలోని పలు ఊళ్ళలో ఆయన సినిమాలు వేశాయి. అందులో 1953 నాటి దేవదాసు ఉంది, మాయాబజార్ ఉంది. అంటే పెద్ద తెరకు నిలబడే ప్రతులు ఉన్నట్టే కదా. నలుపు తెలుపు ఫిల్ములో బొమ్మ వెండితో ఏర్పడుతుంది, సరిగా దాచితే వెలిసిపోదు. అందుకే విజయా వారి నలుపు తెలుపు సినిమాల మీద నా ఆశ పెద్దది.

లవకుశ మీద భయమేస్తుంది. 1963లో గేవాకలర్ అనే రంగు ఫిల్ము మీద తీశారు. రంగు ఫిల్ములో బొమ్మ అంటే అద్దకమే. ఏళ్ళు గడిచేకొద్దీ అద్దకం పాలిపోతుంది, మొహాలు గులాబీ రంగుకు తిరుగుతాయి. ఆ సినిమాకు స్కాన్ ఒక్కటే చాలదు. రంగుల్ని మళ్ళీ కూర్చే మనిషికి అప్పటి రంగులు తెలిసుండాలి.

గుంపులో ఒక మిత్రుడు “ఇంగ డిస్కులే రావు, సోనీ ఆపేసింది గదా” అన్నాడు. ఇది చాలామంది పొరబడుతున్న విషయం. సోనీ 2025 ఫిబ్రవరిలో ఆపింది మనం రాసుకునే ఖాళీ బ్లూరేలను. అచ్చేసిన సినిమా డిస్కుల సంగతి అది కాదు. కొనేవాళ్ళు ఇంకోటి గమనించండి. ఏ దేశాల ప్లేయర్లలో ఆడాలో చెప్పే గుర్తును రీజియన్ అంటారు. డీవీడీకి మన రీజియన్ 5, బ్లూరేకి సి. అమెరికా బ్లూరేల్లో చాలావాటికి ఎ రీజియన్ తాళం ఉంటుంది, అన్ని ప్లేయర్లూ తీసుకోవు.

నవంబరు 30

మా వీధిలో సంగీతం టీచరమ్మకు యోగి వేమన మొదటి డిస్కు వినిపించా. రెండు నిమిషాలు విని, “ఏం నాయనా, నాగయ్య గొంతు ఇంత సన్నగా ఉండదే” అన్నారు. నాకు ఒళ్ళు ఝల్లుమంది, ఎందుకంటే ఆమె చెప్పింది అక్షరాలా నిజం.

ఫిల్ము సెకనుకు 24 ఫ్రేముల లెక్కన నడుస్తుంది. మన దేశపు టీవీ పద్ధతిలో వీడియోకు 25. వీసీడీలు, డీవీడీలు చేసినవాళ్ళు చాలావరకు ఫిల్మును 25 చొప్పున తిప్పి ఎక్కించేశారు. 4 నిమిషాల 10 సెకన్ల పాట సరిగ్గా 4 నిమిషాలకు అయిపోతుంది. మూడు గంటల సినిమాలో ఏడు నిమిషాలు తగ్గి, ఏదో కోసేశారని అనుమానం వస్తుంది. శ్రుతి కూడా ఒక స్వరస్థానంలో ముప్పాతిక దాకా పైకి పోతుంది. నలభై ఏళ్ళ మనిషి గొంతు ముప్పై ఏళ్ళ గొంతులా వినిపిస్తుంది.

కంప్యూటర్‌లో వేగాన్ని 25 నుంచి 24కు తగ్గించి, శ్రుతి కూడా దాంతోపాటే దిగేట్టు పెట్టి మళ్ళీ వినిపించా. వేగం తగ్గించి శ్రుతిని అట్లే ఉంచే మీట కూడా ఉంటుంది, దాన్ని నొక్కొద్దు. టీచరమ్మ శ్రుతిపెట్టె తీసి, ముల్లు తిప్పుకుంటూ ఒక చోట ఆపి, కళ్ళు మూసుకుని పద్యం చివరి దాకా విన్నారు. “ఇదీ” అన్నారు. ఇంకేం మాట్లాడలేదు. నేను ఇరవై ఏళ్ళుగా వింటున్నది ఆయన గొంతు కాదని ఆ సాయంత్రమే తెలిసింది.

ఇకపై ఏ కొత్త విడుదల వచ్చినా నేను మొదట చూసేది నిడివే. 24లో ఉందా, 25లో ఉందా అన్నది అక్కడే తేలిపోతుంది.

డిసెంబరు 14

రెండు కొనుగోళ్ళు, ఒకటి మంచిది, ఒకటి మోసం. మోసం ముందు. ఆన్‌లైన్‌లో ఒకతని దగ్గర శ్రీ వేంకటేశ్వర మహాత్మ్యం ‘ఒరిజినల్’ డీవీడీ 450 రూపాయలు పెట్టి తెప్పించుకున్నా. 1960లో పి. పుల్లయ్య తీసిన సినిమా. ఆయనే 1939లో కూడా బాలాజీ కథ తీశాడు. శేషశైలావాస పాటకు ఘంటసాల స్వయంగా తెర మీద కూర్చుని పాడతాడు, తిరుపతిలో ఉంటూ ఆ డిస్కు లేకపోవడం నాకు వెలితి. డబ్బా తెరిచి డిస్కు తిప్పి చూస్తే అడుగు ఊదా రంగులో ఉంది. ఇంట్లో రాసిన కాపీ. అచ్చేసిన డిస్కు అడుగు వెండి రంగులో గానీ, రెండు పొరలదైతే లేత బంగారు రంగులో గానీ ఉంటుంది. మధ్య రంధ్రం చుట్టూ ఐఎఫ్‌పీఐ అని సన్నగా చెక్కిన కోడు కూడా చాలావాటికి కనబడుతుంది. డబ్బు కట్టే ముందే అడుగుభాగం ఫోటో అడగండి. డబ్బు తిరిగి ఇవ్వలేదు.

మంచిది: గాంధీ రోడ్డు వెనక సందులో పాత క్యాసెట్ల షాపు మూసేస్తున్నారు. ముసలాయన అట్టపెట్టె నా ముందుకు తోసి, “తీసుకో సామీ, ఎవురూ అడగడం లా. ఉండేటివన్నీ నీకే” అన్నాడు. 48 వీసీడీ సెట్లు, సెట్టు 20 రూపాయలు. కొన్నిటి మీద 28 రూపాయల ధర ముద్ర ఇంకా ఉంది. 2007లో మోజర్ బేర్ కంపెనీ వీసీడీని 28కి, డీవీడీని 34కి అమ్మడం మొదలెట్టిన రోజులు గుర్తొచ్చాయి. అప్పుడే మా ఇంట్లో బీరువా కొన్నాం.

ఒకే డీవీడీలో మూడు సినిమాలు కుక్కినవి కూడా ఆ పెట్టెలో వచ్చాయి. వాటిని తక్కువ చేసి చూడను, కానీ లెక్క వేస్తే తెలుస్తుంది. రెండు పొరల డీవీడీ 8.5 గిగాబైట్లు. మూడు గంటల సినిమా ఒక్కటే పెడితే సెకనుకు 6 మెగాబిట్ల పైన దక్కుతుంది. మూడు పెడితే 2. యుద్ధం సీను రాగానే బొమ్మ గళ్ళుగళ్ళుగా విడిపోయేది అందుకే.

జనవరి 4, 2026

కాపీరైటు చట్టం ప్రకారం మన దేశంలో సినిమాకు హక్కులు విడుదలైన మరుసటి ఏడాది నుంచి 60 ఏళ్ళు. అంటే 1965 సినిమాల గడువు మొన్న డిసెంబరు 31తో తీరింది. తేనెమనసులు, పాండవ వనవాసం, అంతస్తులు ఆ ఏటివే. గుంపులో ఉత్సాహం చూస్తే రేపే డిస్కులొస్తాయన్నట్టుంది. నేను అంత దూరం పోను. గడువు తీరితే ఎవరైనా అచ్చేయొచ్చన్నది నిజమే. కానీ హక్కు తీరినంత మాత్రాన నెగెటివ్ చేతికి రాదు. పాటల సాహిత్యానికి, సంగీతానికి లెక్క వేరు, రాసినవాళ్ళు పోయాక ఇంకో 60 ఏళ్ళు. యోగి వేమన 1947 నాటిది, దాని గడువు 2007లోనే తీరింది. పద్దెనిమిదేళ్ళలో నా అరలోకి వచ్చింది ఈ మూడు వీసీడీలే.

నాగయ్య తొలినాటి సినిమాలు నైట్రేట్ ఫిల్ము కాలానివి. ఇట్టే అంటుకునే సరుకు. 2003 జనవరిలో పుణెలో నైట్రేట్ రీళ్ళ వాల్టు తగలబడి ఎన్నో పాత సినిమాల రీళ్ళు బూడిదయ్యాయి. ఆ తర్వాతి అసిటేట్ ఫిల్ము అంటుకోదు గానీ, వేడికీ తేమకూ కుళ్ళి వెనిగర్ వాసన కొడుతుంది, ముడుచుకుపోతుంది. అయినా నేను ఆశ వదలను. సత్యజిత్ రే అపు చిత్రాల నెగెటివ్‌లు 1993లో లండన్‌లో మంటల్లో పడ్డాయి. మిగిలిన ముక్కల్ని ఇటలీలోని బొలోన్యాలో మెత్తబరిచి, అతికి, తక్కినది వేరే ప్రతుల నుంచి తీసుకుని 2015కల్లా మళ్ళీ తెరకెక్కించారు. త్యాగయ్యకూ పోతనకూ ఆపాటి శ్రద్ధ దక్కాలి. మార్చి 28 నాగయ్య పుట్టినరోజు. ఆ రోజు మా అయిదుగురం కలిసి పుణెలోని నేషనల్ ఫిల్మ్ ఆర్కైవ్‌కు ఉత్తరం రాస్తున్నాం. ఆయన సినిమాలు మీ దగ్గర ఏవి ఉన్నాయి, ఏ రూపంలో ఉన్నాయి అని అడుగుతాం.

ఈలోగా మూడో డిస్కు. వీసీడీ బొమ్మ డేటాకు మామూలు సీడీ ఫైళ్ళకుండే రెండో కాపలా ఉండదు, తప్పులు సరిదిద్దే అదనపు కోడు స్థలాన్ని కూడా బొమ్మకే వాడేశారు. అందుకే విండోస్‌లో ఫైలును మామూలుగా కాపీ కొడితే మధ్యలో ఆగిపోతుంది. ఐసోబస్టర్ అనే సాఫ్ట్‌వేర్‌తో, డ్రైవ్ వేగం 4ఎక్స్‌కు తగ్గించి, చెడిన సెక్టార్లను (డిస్కు మీది చిన్న డేటా ముక్కలను) మళ్ళీ మళ్ళీ చదివిస్తున్నా. ఒక డ్రైవ్ చదవలేనిది ఇంకోటి చదువుతుంది, నా దగ్గర మూడున్నాయి. పగలు వేడెక్కితే తప్పులు పెరుగుతున్నాయని రాత్రి పదకొండు తర్వాతే నడుపుతున్నా. మొదటి రెండు డిస్కులు పూర్తిగా వచ్చాయి. ఒక ప్రతి ఇక్కడ, ఇంకోటి చిత్తూరులో మా అక్క ఇంట్లో వేరే హార్డ్‌డిస్కు మీద పెట్టాం.

చిత్తూరు, పుత్తూరు, మదనపల్లె వైపు ఎవరింట్లోనైనా యోగి వేమన మూడో డిస్కు ఉంటే అమ్మక్కర్లేదు, ఒక రాత్రికి ఇవ్వండి చాలు. నాదాంట్లో ఇప్పటికి 318 సెక్టార్లు మిగిలాయి. నిన్న రాత్రికి 341 ఉండేవి.