రేవు దాటి అత్తయ్య దగ్గరికి

మా మావయ్య పోయిన సంగతి నాకు వాట్సాప్ స్టేటస్‌లో తెలిసింది. జూన్ నెల. ఆఫీసు క్యాబ్‌లో ఇంటికి వస్తూ ఒక్కొక్క స్టేటస్ జరుపుకుంటూ పోతున్నాను. ఎవరిదో గృహప్రవేశం, ఎవరి పిల్లాడిదో ర్యాంకు, ఆ తర్వాత పూలదండ వేసిన మావయ్య ఫోటో. చేతులు జోడించిన బొమ్మ ఒకటి నొక్కాను. వెంటనే తర్వాతి స్టేటస్ వచ్చేసింది, ఎవరో వండిన బిర్యానీ.

ఆ రాత్రి తమ్ముడు ఫోన్ చేశాడు. "బయల్దేరుతున్నా అక్కా, వస్తావా?" అన్నాడు. ఆడిట్ ఉంది, తర్వాత వెళ్తానన్నాను. నాన్న పోయాక మా మేనత్తకి పుట్టిల్లంటే మేమిద్దరమే. పుట్టింటి చీర తమ్ముడు పట్టుకెళ్ళి పెట్టి వచ్చాడు. నేను వెళ్ళలేదు. తర్వాత అన్న మాట అలా ఐదు నెలలు జరిగింది.

నవంబరులో అత్తయ్యే ఫోన్ చేసింది. "ఆ చేతుల బొమ్మ పెట్టింది నువ్వేనంట కదే, మనవడు చూపించేడు. నాకు కళ్ళు సరిగా ఆనట్లేదు. ఎప్పుడొస్తావమ్మా?" అంది. నిష్ఠూరం లేదు ఆ గొంతులో. ఉన్నా బాగుండేది.

ఆ రాత్రి ఫోన్‌లో ఎంతసేపు గడుపుతున్నానో లెక్క చూశాను. రోజుకి సగటున 4 గంటల 40 నిమిషాలు. అందులో మాట్లాడింది చాలా తక్కువ, మిగతాదంతా వేలితో పైకి తోయడమే. సికింద్రాబాద్‌లో రాత్రి బండెక్కితే తెల్లారేసరికి నరసాపురం. రెండు రోజులు నేను ఫోన్ చూసే సమయంలో దాదాపు అత్తయ్య ఊరు చేరిపోవచ్చు. తీరిక లేదని ఐదు నెలలుగా అందరికీ చెబుతూ వచ్చాను, అది నిజమనే నమ్ముతూ.

డిసెంబరులో నాలుగు రోజులు సెలవు పెట్టాను. స్మార్ట్‌ఫోన్ ఇంట్లో వదిలేసి, నాన్న వాడిన బటన్ల ఫోన్ తీసుకెళ్ళాలనుకున్నాను. దానికి ఎంత సరంజామా కావాలో అప్పుడే తెలిసింది. టికెట్ ప్రింట్ తీయించాలి. ఆధార్ కార్డు బీరువాలోంచి వెతికి తీయాలి. ఏటీఎంకి వెళ్ళి ఆరు వేలు తెచ్చి, అందులో వెయ్యి రూపాయలకి కిరాణా కొట్టులో చిల్లర మార్పించుకోవాలి. చిన్న నోట్‌బుక్‌లో పది నంబర్లు రాసుకోవాలి. తమ్ముడి నంబరు కూడా నాకు నోటికి రాదు, చూసి రాశాను.

రైల్లో పడుకోబోయేముందు చెయ్యి దానంతటదే దిండు కిందికి వెళ్ళింది. అక్కడేమీ లేదు. కాసేపు నిద్ర పట్టలేదు. పై బెర్తులో పాప వాళ్ళ అమ్మని కథ చెప్పమని అడుగుతోంది, ఆవిడ చెబుతూ చెబుతూ మధ్యలోనే నిద్రపోయింది. ఆ కథలో రాజుగారి చిన్నకొడుకు ఏమయ్యాడో తెలియకుండానే నేనూ నిద్రపోయాను.

మెలకువ వచ్చేసరికి కైకలూరు దాటింది. కిటికీ బయట రెండు పక్కలా చేపల చెరువులు, వాటి మీద పొగలా మంచు. కొన్ని చెరువుల్లో ఏరేటర్లు తిరుగుతుంటే తెల్లటి నురగ లేస్తోంది. గట్టు మీద సైకిల్ ఆపుకుని ఒకాయన నీళ్ళకేసి చూస్తూ నిలబడ్డాడు. ఆకివీడు, భీమవరం, వీరవాసరం, పాలకొల్లు. ఈ పేర్లన్నీ చిన్నప్పుడు నాన్న వేళ్ళ మీద లెక్కపెట్టించేవాడు, ఒక్కో స్టేషన్‌కీ ఒక్కో వేలు ముడిచి.

నరసాపురంలో పట్టాలు ఆగిపోతాయి. ఇక ముందుకి దారి లేదు, అందరూ దిగాల్సిందే. ఎక్కడో చదివింది గుర్తొచ్చింది. ఫోన్‌లో చివర అనేది లేకుండా జరుగుతూనే ఉండే పేజీని 2006లో ఆజా రాస్కిన్ అనే డిజైనర్ తయారుచేశాడు, తర్వాత తనే అందుకు బాధపడ్డాడు. పాత రోజుల్లో పేపరు చదివితే చివరి పేజీ ఉండేది, మడిచి పక్కన పెట్టేవాళ్ళం. నా చేతిలోని పేజీకి నరసాపురం లాంటి స్టేషన్ ఒక్కటీ లేదు.

స్టేషన్ నుంచి ఆటోలో మాధవాయిపాలెం రేవుకి వెళ్ళాను. అవతలి ఒడ్డు సఖినేటిపల్లి, అంటే కోనసీమ. చించినాడ వంతెన మీదుగా చుట్టూ తిరిగి కూడా పోవచ్చు గానీ, చిన్నప్పటి నుంచీ మాకు అత్తయ్య ఊరంటే పంటు ఎక్కడమే. రెండు పడవలు కలిపి పైన బల్లలు పరిచి ఉంటుంది. మనుషులు, మోటారు సైకిళ్ళు, కార్లు, ఒక్కోసారి గేదెలు, అన్నీ దాని మీదే.

ఆ రోజు మంచు దట్టంగా ఉంది. అవతలి ఒడ్డు లేదు, నది కూడా నాలుగు బారల దూరం వరకే. టికెట్ ఇచ్చేతన్ని ఎంతసేపని అడిగాను. "మంచు విడితేగానీ పంటు కదలదండి ఆయ్. గంటో, గంటన్నరో. కూర్చోండి" అన్నాడు.

గంటన్నర! నా గుండె నిజంగానే కొట్టుకుంది. అంత సేపు ఏమీ చెయ్యకుండా ఎక్కడైనా కూర్చుని ఎన్నేళ్ళయిందో. ముందు టీ తాగాను. బోర్డు మీద రేట్లు రెండుసార్లు చదివాను. బ్యాగు సర్దాను. మెట్ల మీద కూర్చుంటే మొదటి పావుగంట బాధగానే గడిచింది, ఆ మాట దాచను. జేబులో ఏదో అదిరినట్టు రెండుసార్లు అనిపించింది. ఆ ఫోన్ మూడు వందల మైళ్ళ దూరంలో బీరువాలో ఉంది.

తర్వాత మెల్లగా చెవులు పనిచెయ్యడం మొదలుపెట్టాయి. నీళ్ళు మెట్లని తడుతున్న చప్పుడు. మంచులో ఎక్కడో తెడ్డు పడుతున్న చప్పుడు, పడవ మాత్రం కనబడదు. గుళ్ళో మైకులో తిరుప్పావై. నా పక్కన కూర్చున్నావిడ బుట్ట మీది గోనెసంచి తడుపుతూ, "ఎవరింటికమ్మా?" అని అడిగింది. చెప్పాను. "లస్కరుగారి మేనకోడలివా! ఆయన పోయినప్పుడు రాలేదేం?" అంది. లస్కరంటే కాలువ నీళ్ళు చూసుకునే ఉద్యోగి, మా మావయ్యే. అంత నేరుగా అడిగినవాళ్ళు ఇంతవరకూ ఎవరూ లేరు. రాలేకపోయానండి, తప్పు చేశాను అన్నాను. ఆ మాట పైకి అనడం కూడా అదే మొదటిసారి. "ఇప్పుడొచ్చేవుగా" అని, ఆవిడ తన డబ్బాలోంచి రెండు అరిసెలు తీసి ఒకటి నా చేతిలో పెట్టింది.

మంచు పల్చబడి నీటి మీద తెల్లటి వెలుగు పరుచుకుంది. ముందు ఒక కొబ్బరిచెట్టు తల కనిపించింది, తర్వాత పది, తర్వాత ఒడ్డంతా. పంటు ఇంజను మోగింది. వశిష్ఠ గోదావరి మీద ఆ కొద్ది నిమిషాలు నేను కమ్మీ పట్టుకుని నిలబడే ఉన్నాను.

మలికిపురం దగ్గరి ఆ ఊళ్ళో ధనుర్మాసపు ముగ్గులు వీధంతా పరుచుకుని ఉన్నాయి. అత్తయ్య వాకిట్లో మాత్రం రెండు గీతలే. ఏడాది వెళ్ళలేదు కదా. నన్ను చూసి లేచి నిలబడింది, నా మొహం చేత్తో తడిమి చూసింది. "చిక్కిపోయేవేంటే" అంది. ఇద్దరం ఏడ్చాం. నేను ఎందుకు రాలేదో చెప్పబోతే వినలేదు. "ముందు స్నానం చెయ్యి, పొట్టిక్కలు వేస్తాను" అంది.

పొట్టిక్కలంటే తెలియనివాళ్ళ కోసం చెబుతాను. పనసాకులు నాలుగు తీసుకుని కొబ్బరి ఈనెల ముక్కలతో బుట్టలా కుడతారు. అందులో ఇడ్లీ పిండి పోసి ఆవిరి మీద ఉడికిస్తారు. ఆకు వాసన పిండికి పడుతుంది. మూత తీసినప్పుడు వచ్చే ఆ వాసన కోసం కోనసీమవాళ్ళు ఏ దేశంలో ఉన్నా కలవరిస్తారు. అత్తయ్య కళ్ళతో చూడకుండానే బుట్ట కుట్టేస్తోంది. నేను కుట్టినవి మూడు, అందులో రెండు కారిపోయాయి. కొబ్బరి పచ్చడితో ఆరు తిన్నాను.

మధ్యాహ్నం అరుగు మీద కూర్చుంటే నాకు మళ్ళీ చెయ్యి ఆడటం మొదలైంది. అత్తయ్య కనిపెట్టింది. లోపలికి వెళ్ళి దారం కండె, లేసు సూది తెచ్చి నా ఒళ్ళో పడేసింది. నరసాపురం లేసుకి 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చింది గానీ, ఈ చుట్టుపక్కల ఆడవాళ్ళకి అది తరతరాల పని. ఏజెంటు దారం ఇచ్చి వెళ్తాడు. ఒకరు చేతిపని చేస్తారు, అంటే విడివిడి పువ్వులు అల్లుతారు. ఇంకొకరు అతుకుపని చేస్తారు, అంటే ఆ పువ్వులన్నీ కలిపి దుప్పటిగానో టేబుల్ గుడ్డగానో మారుస్తారు. అత్తయ్య పదేళ్ళ వయసు నుంచీ అల్లుతోంది. ఆ చేతులకి దక్కిన కూలి ఎప్పుడూ తక్కువే, విదేశాల్లో ఆ గుడ్డ ధర ఎంత పలికినా సరే. ఆ మాట తలుచుకుంటే నాకు ఇప్పటికీ మనసు మండుతుంది. ఆవిడకి మాత్రం అల్లిక అంటే ఇష్టం. "దీని మీద చెయ్యి ఉంటే బుర్రలో బరువు దిగుద్దే" అంటుంది. నాకు గొలుసు అల్లడం నేర్పింది. నాలుగుసార్లు విప్పించింది. ఐదోసారి జానెడు పొడవు వచ్చింది. తలెత్తి చూస్తే పొద్దు వాలిపోతోంది.

ఆ సాయంత్రం పక్కింటి ఆవిడ ఫోన్ పట్టుకుని పరుగున వచ్చింది. కూతురు కువైట్ నుంచి వీడియో కాల్. ఇక్కడి నుంచి గల్ఫ్ వెళ్ళి ఇళ్ళల్లో పనిచేసే ఆడవాళ్ళు చాలామంది. ఆ అమ్మాయి వంటింట్లో నిలబడి, గొంతు తగ్గించి, తన పిల్లాడికి ముద్దులు పెడుతోంది. వాడు ఫోన్‌ని బుగ్గకి ఆనించుకున్నాడు. ఆ ఫోన్‌ని నేనేమీ అనలేను. అది లేకపోతే ఆ తల్లి ఎలా బతుకుతుంది? నేను ఐదు నెలలు అదే వస్తువు పట్టుకుని మా అత్తయ్యతో పది నిమిషాలు మాట్లాడలేదు.

మూడో రోజు అంతర్వేది వెళ్ళాం. ఏడాది దాటితేగానీ గుళ్ళోకి రానని అత్తయ్య బయటే ఉంది. నేనొక్కదాన్నే లక్ష్మీనరసింహస్వామిని దర్శించుకుని వచ్చాను. అక్కడి నుంచి ఇద్దరం సాగరసంగమానికి నడిచాం. ఒకపక్క వశిష్ఠ, మరోపక్క బంగాళాఖాతం, మధ్యలో ఇసుక. అన్నాచెల్లెళ్ళ గట్టు అంటారు దాన్ని. మావయ్య అస్థికలు కలిపింది అక్కడే. అత్తయ్య చెప్పులు విడిచి నీళ్ళలోకి మోకాళ్ళ వరకూ దిగింది. "అన్నాచెల్లెళ్ళు పక్కపక్కనే ఉన్నా ఎవరి దారి వాళ్ళదే అమ్మా, చివరికి మాత్రం ఒక్కచోటికే" అంది. నాన్న గురించి అంటోందని అర్థమై ఆవిడ చెయ్యి పట్టుకున్నాను. గంటకి పైగా అలాగే ఉన్నాం. నది నీరు నెమ్మదిగా వచ్చి అలకి తగిలి వెనక్కి మడత పడటం, మళ్ళీ కలవడం చూస్తూ. అలాంటి చోట ఇదివరకు నేనైతే పది ఫోటోలు తీసి, ఏది బావుందో చూసుకుంటూ ఉండేదాన్ని. ఆవిడ చేతి వణుకు నాకు తెలిసేది కాదు.

తిరుగుదారిలో మావయ్య గురించి అడిగాను. ఇరిగేషన్‌లో లస్కరు అని తప్ప నాకేమీ తెలియదు. కాలువ తలుపులు ఎత్తడం, దించడం, ఎవరి చేలోకి ఎంత నీరు వెళ్ళాలో చూడటం ఆయన పని. 1852లో కాటన్ దొర ధవళేశ్వరం ఆనకట్ట పూర్తిచేశాక ఈ డెల్టాకి కాలువలు వచ్చాయి. మా అత్తయ్య ఊరు ఆ కాలువకి శివారు. నీరు అన్నిచోట్లా తడిపి, మిగిలితే ఇక్కడికి వస్తుంది. ఆలస్యమైతే రైతులు అర్ధరాత్రి వచ్చి మావయ్య తలుపు కొట్టేవారట. "ఆయనకి చూడక్కర్లేదు, చెవితో చెప్పేసేవోడు. పడుకునే, ఒసే నీళ్ళొచ్చేయే అనేవోడు" అంది అత్తయ్య. దారి పొడుగునా చెబుతూనే ఉంది. నేను వింటూనే ఉన్నాను.

నాలుగో రోజు ఇంకా చీకటి ఉండగానే అత్తయ్య నన్ను లేపింది. ఎనిమిదింటికి నా ఆటో. దాళ్వాకి, అంటే రెండో పంటకి, ఆకుమళ్ళకి నీరు వదిలారని రాత్రి ఎవరో చెప్పారట. శాలువా కప్పుకుని, టార్చి పట్టుకుని ఇద్దరం కాలువ గట్టుకి వెళ్ళాం. తలుపు దగ్గర సిమెంటు దిమ్మ మీద కూర్చున్నాం. మావయ్య కూర్చునే చోటట అది. టార్చి ఆర్పెయ్యమంది. కప్పల అరుపు తప్ప ఏమీ లేదు. చాలాసేపు అలాగే కూర్చున్నాం. నాకు చలి వేస్తోంది, కదల్లేదు.

తలుపు ఇనుముకి ఏదో మెత్తగా తగిలిన చప్పుడు. కాసేపటికి ఇంకోసారి, కాస్త గట్టిగా. అత్తయ్య నా మోచెయ్యి నొక్కింది.

"విన్నావా?" అంది.

విన్నానన్నాను.