తాతగారి వెదురు గాలపు కర్రను బాగుచేసిన నా అనుభవం

మా తాతగారు వాడిన గాలపు కర్ర ఏళ్ళ తరబడి అటక మీద గుడ్డసంచిలోనే ఉండిపోయింది. అది నిండు వెదురు కాదు. ఆరు త్రికోణపు బద్దలను జిగురుతో అతికి, ఆరు పలకలుగా తీర్చిన మూడు ముక్కల కర్ర. బయటకు తీసేసరికి వార్నిష్ పొట్టులా రాలుతోంది, దారం పోయే రింగులు వేలాడుతున్నాయి, కొన ముక్క ఒక పక్కకు వంగిపోయింది. నడిమి ముక్కను చెవి దగ్గర పెట్టుకుని కొద్దిగా వంచితే టిక్కుమని సన్నని చప్పుడు వినిపించింది. లోపల ఎక్కడో జిగురు వదిలిందని దాని అర్థం.

మొదటి చిక్కు అతుకు దగ్గరే వచ్చింది. ముక్కలను కలిపే గొట్టాలను ఫెర్రూల్స్ అంటారు. అవి చేసే లోహానికి నికెల్ సిల్వర్ అని పేరున్నా అందులో వెండి ఉండదు, రాగి, నికెల్, జింకు ఉంటాయి. బిగుసుకున్న ఫెర్రూల్‌ను మెలితిప్పితే వెదురు చీలుతుంది కాబట్టి, కర్రను మోకాళ్ళ వెనుక అడ్డంగా పెట్టి, అతుకుకు రెండు వైపులా పట్టుకుని, చేతులు బిగించి, మోకాళ్ళను మెల్లగా ఎడం చేశాను. రెండు రోజుల ప్రయత్నం తర్వాత అది తిన్నగా ఊడివచ్చింది.

పాత రింగులు విప్పే ముందు ఒక్కొక్కటి ఎక్కడుందో పొడవాటి కాగితం మీద గుర్తు పెట్టుకున్నాను. వార్నిష్ తీయడానికి గరుకు కాగితం వాడాలనిపించింది గానీ, వెదురు బలమంతా పైచర్మం కిందనే దట్టంగా ఉండే నారలలో ఉంటుంది. అక్కడ అరగదీస్తే కర్ర ప్రాణం పోయినట్టే. అందుకే మొండి చాకు అంచును నిలువుగా పట్టి, పలక వెంట గీకుతూ పోయాను. ఒక్క ముక్కకు ఒక సాయంత్రం పట్టింది. వార్నిష్ పోయాక కణుపులు తేనె రంగులో మెరుస్తుంటే తాతగారి చేతుల్లో ఇది కొత్తగా ఎలా ఉండేదో మొదటిసారి తెలిసింది.

వదిలిన బద్దల మధ్య పాత జిగురు గీకేసి, నెమ్మదిగా గట్టిపడే ఎపాక్సీ జిగురు పూసి, దారంతో అటూ ఇటూ బిగించి ఒక రోజు వదిలేశాను.

వంగిన కొనను సరిచేసేటప్పుడు మాత్రం గుండె దడదడలాడింది. వెదురును వేడిచేస్తే మెత్తబడి వంగుతుంది, కానీ వేడి మితిమీరితే నార మాడుతుంది, లోపలి జిగురూ కరగవచ్చు. వేడిగాలి ముందు ముక్కను ఆపకుండా తిప్పుతూ, చెయ్యి ఓర్చుకోలేనంత వేడెక్కాక, వంపుకు ఎదురుగా కాస్త ఎక్కువగానే వంచి, చల్లారేదాకా అలాగే పట్టుకున్నాను. నాలుగైదు విడతలకు గానీ అది తిన్నబడలేదు.

రింగులను పట్టు దారంతో చుట్టడం నాకు అన్నిటికంటే నచ్చిన పని. రింగు పాదాన్ని ఆకురాయితో పలచన చేస్తేనే దారం దాని మీదికి మెట్టు లేకుండా ఎక్కుతుంది. మొదటి చుట్లు తమ కొసను తామే కప్పుకుంటాయి; చివరి కొసను, చుట్ల కింద ముందే ఉంచిన ఉచ్చులో దూర్చి లాగేస్తే ఎక్కడా ముడి కనబడదు. పాత దారానికి దగ్గరగా ఉందని లేత పసుపు ఎంచుకుని ఒక వెదురు పుల్ల మీద చుట్టి చూస్తే, వార్నిష్ తగలగానే అది గాజులా మారి కింది వెదురు కనబడింది. పట్టు స్వభావమే అంత. రంగు నిలవాలంటే ముందుగా రంగు కాపాడే పూత వేయాలి. అందుకే మళ్ళీ చుట్టి, ఈసారి వార్నిష్‌కు ముందు ఆ పూత వేశాను.

వార్నిష్‌ను పలచగా నాలుగు పూతలు వేశాను, పూతకూ పూతకూ మధ్య పూర్తిగా ఆరనిచ్చాను. ఫెర్రూల్స్‌ను స్పిరిట్ అద్దిన దూదితో తుడవడమే తప్ప రుద్దలేదు, ఎందుకంటే అవి వెంట్రుకవాసి అరిగినా పట్టు వదులవుతుంది. అంతా ఆరాక మూడు ముక్కలూ కలిపి, నడిమి ముక్కను మళ్ళీ చెవి దగ్గర పెట్టుకుని వంచాను. ఏ చప్పుడూ రాలేదు.