ప్రభలు కదిలేలోగా పాట చేరాలి

కనుమనాడు కోనసీమలోని జగ్గన్నతోటలో, ఊరూరి శివుణ్ని వెదురు ప్రభల మీద మోసుకొచ్చి జరిపే ప్రభల తీర్థం మీద మా చెల్లెలు పాడిన పాటను కిందటి సంక్రాంతికి విడుదల చేశాము. బాణీ నాది, సాహిత్యం మా ఊళ్లో తెలుగు పండితులుగా పనిచేసి రిటైరైన మాస్టారిది. పాట కట్టి రికార్డు చేయడానికి ఇరవై రోజులు పడితే, దానిని స్పాటిఫై, జియోసావన్, గానా, ఆపిల్ మ్యూజిక్, యూట్యూబ్, ఇన్‌స్టాగ్రామ్‌లలో ఒకే పేరుతో, అనుకున్న వేళకు నిలబెట్టడానికి ఆరు వారాలు పట్టింది. కోనసీమలో ఇంటి దగ్గరే పాటలు చేసుకుంటున్న మాలాంటివారికి ఉపయోగపడుతుందని ఆ ఆరు వారాల సంగతి రాస్తున్నాను.

మొదట కనుమనాడే విడుదల చేద్దామనుకున్నాము. ఆలోచించిన కొద్దీ అది సరికాదని తేలింది. పదకొండు ఊళ్ల రుద్రులు ప్రభలమీద ఆ కొబ్బరితోటకు చేరే రోజున ఎవరూ కూర్చుని కొత్త పాట వెతకరు. గంగలకుర్రు వైపు ప్రభ కౌశిక నదిలోకి దిగి, మోసేవాళ్లు పీకల్లోతు నీళ్లలో నడుస్తుంటే గట్టు మీది కుర్రాళ్లు వీడియో తీసి, దానికి తగిన పాట కోసం అక్కడికక్కడే చూస్తారు. అంటే ఆ వేళకు మా పాట ఇన్‌స్టాగ్రామ్ పాటల జాబితాలో ఉండి తీరాలి. అక్కడికి చేరడానికి విడుదలైన తరువాత కూడా కొన్ని రోజులు పట్టవచ్చు. 2015 జులై నుంచి ప్రపంచమంతటా కొత్త పాటలకు శుక్రవారమే విడుదల రోజుగా నడుస్తోంది కనుక, పండుగకు ముందరి శుక్రవారాన్ని ఖాయం చేసుకుని అక్కడి నుంచి వెనక్కి లెక్క వేసుకున్నాము.

ఈ వేదికల్లో చాలావాటికి మనం నేరుగా పాట ఇవ్వలేము; డిస్ట్రిబ్యూటర్ సంస్థ ద్వారానే వెళ్లాలి. స్పాటిఫై సంపాదకులకు పాటను పరిచయం చేస్తూ పంపే విన్నపం విడుదలకు కనీసం 7 రోజుల ముందు చేరితేనే, మనల్ని అనుసరించేవారి కొత్త పాటల జాబితాలో మనం ఎంచుకున్న పాట కనిపిస్తుంది. ఆ విన్నపం పంపాలంటే అంతకుముందే పాట డిస్ట్రిబ్యూటర్ దాటి స్పాటిఫైకి అంది ఉండాలి. అందుకే నాలుగు వారాల గడువు పెట్టుకున్నాము, అదీ చాలీచాలనట్టే అయింది.

ఆలస్యానికి మొదటి కారణం డప్పులు. వాద్యాలు కూర్చిన మిత్రుడు కొనుక్కున్న తాషా లూప్ (ముందే రికార్డు చేసి అమ్మే వాద్యపు ముక్క) ఒకటి వాడాడు. పాటలో వాడుకోవడానికి దానికి హక్కు ఉంది, కానీ అదే లూప్‌ను ఇంకా ఎందరో తమ పాటల్లో వాడుకుని ఉంటారు. అలాంటి ధ్వని ఉన్న పాటను, ఎవరి వీడియోలో ఏ పాట ఉందో పసిగట్టే యూట్యూబ్ కంటెంట్ ఐడీలో మనదిగా నమోదు చేయకూడదు. చేస్తే ఏ సంబంధమూ లేనివారి వీడియోల మీద మన పేరున హక్కు పడుతుంది. దాన్ని తీసేసి, అంబాజీపేట దగ్గర కొబ్బరికాయలు రాశి పోసే షెడ్డు ఒకటి అడిగి తీసుకున్నాము. రేకుల కప్పు కింద శబ్దం మోగిపోకుండా గోడల వెంట పీచు బస్తాలు పేర్చాము. డప్పుల వాళ్లు బయట గడ్డి మంట వేసి, చర్మం బిగిసేదాకా కాచుకుని వచ్చి వాయించారు. పది నిమిషాలకొకసారి మళ్లీ మంట దగ్గరకు వెళ్లవలసి వచ్చేది. ఆ పుల్ల దెబ్బ అంచు వినపడాలన్నదే నా పట్టుదల. స్పాటిఫై మామూలుగా పాటలన్నిటినీ మైనస్ 14 ఎల్‌యూఎఫ్‌ఎస్ (పాట ఎంత గట్టిగా వినిపిస్తుందో కొలిచే ప్రమాణం) స్థాయికి సర్దుతుంది కనుక, గట్టిగా వినిపించాలని పాట తుది ప్రతిలో హెచ్చుతగ్గులను నొక్కేస్తే ఆ అంచు పోతుందే తప్ప లాభం లేదు.

తరువాత కాగితాలు. మాస్టారి దగ్గరకు అగ్రిమెంటు పట్టుకెళితే, "మన మధ్య కాగితాలేమిటి నాయనా?" అన్నారు. కాపీరైట్ చట్టం ప్రకారం హక్కుల బదిలీ రాతపూర్వకంగానే ఉండాలనీ, కాలపరిమితి రాయకపోతే 5 ఏళ్లుగానే లెక్కిస్తారనీ, 2012 సవరణ తరువాత రాయల్టీలో రచయిత సమాన వాటా ఆయనకు చెందుతుందనీ వివరించాను. అంతా విని సంతకం చేసి, ఒక్క మాట అడిగారు: "ఇంటిపేరు ముందుండాలి. వెనక పెడితే అది నా పేరు కాదు." డిస్ట్రిబ్యూటర్ ఫారంలో ఆ గళ్లు ఇంగ్లీషువాళ్ల వరుసలో ఉన్నాయి. ఆయన కోరినట్టే మొదటి గడిలో ఇంటిపేరు రాశాను; రచయితలకు, స్వరకర్తలకు రాయల్టీలు వసూలు చేసిపెట్టే ఐపీఆర్‌ఎస్ సంస్థ సభ్యత్వ దరఖాస్తులోనూ అదే వరుస పాటించాము.

పేర్ల విషయంలో ఇంత జాగ్రత్తకు కారణముంది. రెండేళ్ల కిందట మా చెల్లెలి భక్తిగీతం ఒకటి విడుదలైనప్పుడు, అదే పేరున్న మరో గాయని పేజీలోకి వెళ్లిపోయింది. సరిచేయించడానికి నెల పట్టింది, ఈలోగా విన్నవాళ్లంతా ఆవిడ పాటే అనుకున్నారు. చెల్లెలు ఆ నెలంతా ఎవరికీ లింకు పంపలేదు. ఈసారి పేరును ఇంగ్లీషు అక్షరాల్లో ఒకే విధంగా రాయడమే కాక, స్పాటిఫైలోనూ ఆపిల్‌లోనూ ఆమె పేజీల లింకులు అప్‌లోడు చేసేటప్పుడే జతచేశాను. ప్రతి రికార్డింగును గుర్తించడానికి ఇచ్చే 12 అక్షరాల ఐఎస్‌ఆర్‌సీ సంకేతాన్ని నోటుపుస్తకంలో రాసి పెట్టుకున్నాను. రేపు డిస్ట్రిబ్యూటర్‌ను మార్చినా ఆ రికార్డింగుకు అదే సంకేతం ఇవ్వాలి, లేకపోతే పాత వినికిడి లెక్కలు కొత్త ప్రతికి కలవకపోవచ్చు.

కవర్ బొమ్మ ఒకసారి తిరిగొచ్చింది. 3000 పిక్సెళ్ల చదరంలో ప్రభ ఫొటో బాగానే కుదిరింది, కానీ దానిమీద విడుదల తేదీ, మా ఇన్‌స్టాగ్రామ్ చిరునామా, ప్రభ కట్టిన కుర్రాళ్ల పేర్లు ఉన్నాయి. పాట పేరు, గాయని పేరు మాత్రమే ఉంచి మళ్లీ పంపాము. ఆ కుర్రాళ్లు వెదురు కోసి, రంగు గుడ్డలు చుట్టి, వారం రోజులు నిద్ర మానుకున్నారు. వాళ్ల పేర్లన్నీ యూట్యూబ్ వీడియో వివరణలో, ఒక్కటీ వదలకుండా రాశాను.

గురువారం రాత్రి పన్నెండు దాటగానే పాట ఇక్కడ వినిపించింది. కువైట్‌లో ఉన్న మేనమామ వెంటనే ఫోన్ చేసి, "నాకు రావడం లేదురా" అన్నారు. ప్రతి దేశంలో అక్కడి అర్ధరాత్రికే తెరుచుకునేలా పెట్టామనీ, మనకు తెల్లవారుజామున 2:30 అయితే కానీ ఆయనకు పన్నెండు కాదనీ చెప్పాను. ఆయన మేలుకునే ఉండి విన్నారు.

ఇన్‌స్టాగ్రామ్‌లోకి సోమవారం వచ్చింది. కనుమనాడు తోటలో జనం కిక్కిరిసి ఫోన్లకు సిగ్నల్ అందలేదు. వీడియోలన్నీ రాత్రి ఇళ్లకు చేరాకే పైకి ఎక్కాయి. మాస్టారికి వాటిలో ఒకటి చూపించి, స్పాటిఫైలో పాట వివరాలు తెరిచి ఫోన్ చేతికిచ్చాను. ఆయన కళ్లజోడు సర్దుకుని, ఇంటిపేరు ముందుందో లేదో చూసుకున్నారు. ఉంది.