దర్శనం టికెట్ లేకుండా కొండకు

తిరుపతిలో "రేపు కొండకు పోతున్నాం" అంటే ఎదుటివాళ్లు అడిగే మొదటి మాట "టికెట్ దొరికిందా?" అనే. మేం ఈసారి టికెట్ జోలికే పోలేదు. పిల్లలకు రాళ్లు చూపిద్దామని బయల్దేరాం. డైనోసార్ల అస్థిపంజరాలు నిలబెట్టిన పెద్ద మ్యూజియం హాలు మా ఊళ్లో లేకపోతేనేం, భారత భూవైజ్ఞానిక సర్వేక్షణ సంస్థ జాతీయ స్మారకాలుగా గుర్తించినవి రెండు ఈ కొండ మీదే ఉన్నాయి. ఒకటి శిలాతోరణం, ఇంకొకటి ఘాట్‌రోడ్డు పక్కన బయటపడిన రాళ్ల సరిహద్దు.

మా అమ్మను ఒప్పించడమే కష్టమైంది. "ఏమిరా, అంత దూరం పొయ్యి స్వామిని చూడకుండా రాళ్లు చూసొస్తారా? ఎవరన్నా వింటే నవ్వుతారు" అంది. ముందు వరాహస్వామి దర్శనం, అఖిలాండం దగ్గర టెంకాయ, ఆ తర్వాతే రాళ్లు అని ఒప్పందం కుదిరింది.

ముందురోజు సాయంత్రమే పిల్లల్ని మేడ మీదికి తీసుకెళ్లి కొండను చూపించా. ఇది మీరూ చేయండి, చాలా పనికొస్తుంది. ఊళ్లోంచి చూస్తే కొండ కింది భాగం చెట్లతో వాలుగా, పైభాగం ఎర్రటి గోడలా నిటారుగా కనిపిస్తుంది. కిందిది గ్రానైట్. పైన ఉన్నది క్వార్ట్‌జైట్, అంటే ఒకప్పుడు సముద్రంలో పేరుకున్న ఇసుకే గట్టిపడి రాయైంది. దాని వయసు 150 కోట్ల ఏళ్లకు పైమాటే. ఈ రెండు రాళ్ల మధ్య దాదాపు 80 కోట్ల ఏళ్ల ఖాళీ ఉందని లెక్క కట్టారు. అంతకాలం గ్రానైట్ అరిగి అరిగి చదునైంది, ఆ మీద ఇసుక పరుచుకుంది. "80 కోట్ల ఏళ్లు ఆబ్సెంటా నాన్నా?" అంది మా పాప. అంతకంటే బాగా నేను చెప్పలేను.

అలిపిరిలో మామూలే. సామాన్లతో దిగి, స్కానింగ్ అయ్యాక అవతల మళ్లీ బస్సెక్కాలి. ప్లాస్టిక్ నీళ్ల బాటిళ్లు కొండ మీద నిషేధం, స్టీలువి పట్టుకెళ్లండి. ఘాట్‌లో బస్సు ఆపరు కాబట్టి గ్రానైట్, క్వార్ట్‌జైట్ కలిసే ఆ సరిహద్దును కిటికీలోంచే పట్టుకోవాలి. మా వాడు చూశానంటాడు. నాకైతే నమ్మకం లేదు.

టెన్షన్ పెట్టింది మాత్రం పైన జీపులే. శ్రీవారి పాదాలు, శిలాతోరణం, ఆకాశగంగ, పాపవినాశనం కలిపి తిప్పేస్తారు. ఒక్కోచోట "పది నిమిషాల్లో వచ్చేయండి సార్" అంటారు. పది నిమిషాల్లో ఫొటో దిగొచ్చుగానీ రాయిని ఏం చూస్తాం? శిలాతోరణానికి మాత్రమే, అక్కడ గంటసేపు ఆగాలి అని ఎక్కకముందే మాట్లాడా. కొందరు వినిపించుకోలేదు. చివరికి ఒకాయన రేటు కాస్త పెంచి సరేనన్నాడు.

తోరణం గుడికి కిలోమీటరు దూరంలో, కంచె వెనక ఉంటుంది. సుమారు 8 మీటర్ల వెడల్పు, 3 మీటర్ల ఎత్తు. "ఇంతేనా?" అనేశారు పిల్లలు. కాసేపు నిలబెట్టి పొరలు లెక్కపెట్టమన్నా. అప్పుడు కళ్లు పనిచేయడం మొదలుపెట్టాయి. కొన్ని పొరలు అరచేయి మందం, కొన్ని మూరెడు. బలహీనంగా ఉన్నచోట వాన, గాలి తినేశాయి, గట్టిగా ఉన్నది తోరణమై నిలిచింది. కంచెకు ఇవతల ఓ రాయి విరిగిన అంచు చూపించా. ఎండలో సన్నగా మెరిసే చుక్కలు కనిపించాయి, అవే ఆనాటి ఇసుక రేణువులు.

"ఇందులో డైనోసార్ ఎముకలుంటాయా?" అన్నాడు మా వాడు. డైనోసార్లు పుట్టి ఓ 23 కోట్ల ఏళ్లు. ఈ ఇసుక పేరుకునేనాటికి ఎముకలున్న జంతువే భూమ్మీద లేదు. వాడి మొహం వాడిపోయింది. ఇంతలో మా అమ్మ అందుకుంది. స్వామి కొండ మీద మొదటి అడుగు శ్రీవారి పాదాల దగ్గర, రెండోది ఈ తోరణం దగ్గర, మూడోది ఇప్పుడు గుడి ఉన్నచోట వేశాడని అంటారు. అవ్వ కథే వాళ్లకు ఎక్కువ నచ్చింది. నాకేం అభ్యంతరం లేదు, ఆ కాసేపైనా ఫోన్ అడగలేదు.

పక్కనే చక్రతీర్థం. ఈ శేషాచలం కొండల్లో బండల సందుల్లో బంగారు బల్లి ఉంటుంది. తూర్పు కనుమల్లో కనిపించే ఈ బల్లిని శాస్త్రజ్ఞులు 1870లోనే గుర్తించారు. రాత్రిపూట తిరిగే జీవి. మా వాడు టార్చి వేసి వెతికితే దొరికింది మామూలు గోడబల్లి.

మధ్యాహ్నం వెంగమాంబ అన్నప్రసాద భవనంలో భోజనం, ఉచితమే. ఎండాకాలమైతే రాళ్ల దగ్గరికి పొద్దున్నే చేరండి. పెద్దవాళ్లుంటే చక్రతీర్థం మెట్లు దిగనివ్వకుండా పైనే కూర్చోబెట్టండి. మా అమ్మ వినకుండా దిగింది. ఎక్కేటప్పుడు తిట్లు నాకు.