ఫ్యామిలీస్ ఓన్లీ: వైజాగ్‌లో మా 4 రోజులు

ఈ తెల్లవారుజామునే ఇంటికి చేరాం. బ్యాగుల్లోంచి బట్టలింకా తీయలేదు. చిన్నోడి చెప్పులు దులిపితే రుషికొండ ఇసుక రాలుతోంది. కోపం చల్లారితే రాయబుద్ధి కాదని తెలుసు కాబట్టి ఇప్పుడే కూర్చున్నాను.

మాది కొత్తగూడెం. మా ఆయన సింగరేణిలో అండర్‌గ్రౌండ్‌లో చేస్తాడు. సంక్రాంతి సెలవుల్లో వైజాగ్ వెళ్దామన్నది ఆయనే, టికెట్లు తీసిందీ ఆయనే. తీరా రెండు రోజుల ముందు లీవు రద్దయింది. రైలుకీ రూముకీ డబ్బులు కట్టేశాం, అత్తమ్మకేమో సింహాచలం మొక్కు ఆరేళ్లుగా బాకీ. "మీరు వెళ్లి రండి" అన్నాడు. సరేనని నేను, అత్తమ్మ, ఎనిమిదో తరగతి చదివే పెద్దది, మూడో తరగతి చిన్నోడు బయల్దేరాం. ఖమ్మం దాకా బస్సు, అక్కడి నుంచి గోదావరి ఎక్స్‌ప్రెస్. రైలు గురించి చెప్పడానికేం లేదు, ఎక్కగానే అందరం పడుకున్నాం.

లాడ్జి స్టేషన్‌కి దగ్గర్లోనే. పేరు రాయను. చెయ్యి దురద పెడుతోంది గానీ రాయను. ఆన్‌లైన్లో ఫొటోలు చూసినప్పుడు గుమ్మం మీద ఎర్ర అక్షరాలతో 'ఫ్యామిలీస్ ఓన్లీ' అని బోర్డు కనిపించింది. ఆ బోర్డు చూసే బుక్ చేశాను. పొద్దున్నే దిగుతామని ముందుగా చెక్-ఇన్‌కి కూడా అదనంగా కట్టాను.

ఆరయింది. కౌంటర్‌లో పాతికేళ్ల కుర్రాడు, నుదుట బొట్టు, మెడలో మఫ్లర్. మర్యాదగానే ఉన్నాడు. బుకింగ్ చూశాడు, రిజిస్టర్ తెరిచాడు, దారంతో కట్టిన బాల్‌పెన్ను చేతిలోకి తీసుకున్నాడు.

"సార్ లగేజీ తెస్తున్నారా మేడం?"

"సార్ రాలేదు. మేమే."

పెన్ను కింద పెట్టేశాడు. "అలా అయితే కష్టం మేడం. లేడీస్‌కి విడిగా ఇవ్వం. ఫ్యామిలీ అయితేనే."

నేను వెనక్కి తిరిగి చూశాను, మా ఫ్యామిలీ ఎటైనా వెళ్లిపోయిందేమోనని. లేదు, అక్కడే ఉంది. సోఫాలో అత్తమ్మ మంకీ క్యాప్ తీసి మడత పెట్టుకుంటోంది. పెద్దది ఫోన్ చూస్తోంది. చిన్నోడు బ్యాగు మీద తల పెట్టి సగం నిద్రలో ఉన్నాడు.

"వీళ్లంతా ఎవరనుకుంటున్నావు బాబూ?" అన్నాను.

ఆధార్ కార్డులు అడిగాడు. నాలుగూ ఇచ్చాను, ఒరిజినల్సే. వాటిని పేకముక్కల్లా కౌంటర్ మీద పరిచాడు. నా దాంట్లో ఇంకా పుట్టింటి ఇంటిపేరే ఉంది, అడ్రసు కూడా పాల్వంచలో మా నాన్నది. పిల్లల కార్డుల్లో వాళ్ల నాన్న పేరు. అత్తమ్మ కార్డులో పోయిన మామయ్య పేరు. ఒక్కోదాని మీద వేలు పెట్టి చదువుకుంటూ వచ్చాడు. నా కార్డు దగ్గరికి రాగానే వేలు ఆగింది.

"మీ ఇంటిపేరు వేరు, వీళ్లది వేరు. మరి పిల్లలు మీ..."

పూర్తి చేయలేదు. అనాల్సింది అనేసి ఉంటే నేనూ నాలుగు దులిపేదాన్ని. సగం మాట వదిలేసి రిజిస్టర్ వైపు చూస్తే ఏమనగలం? పదమూడేళ్ల పిల్ల ఫోన్లోంచి తలెత్తి నా మొహం చూసింది. ఎనిమిదో తరగతికి లెక్కలు చెప్పేదాన్ని. 45 మందిని కర్ర ముట్టకుండా కూర్చోబెడతానని మా స్కూల్లో పేరు. అలాంటిదాన్ని ఆ కౌంటర్ ముందు నిలబడి, ఫోన్ గ్యాలరీ వెనక్కి జరుపుతూ, చిన్నోడి పుట్టినరోజు ఫొటోలు చూపించాను. కేకు కోస్తున్నది. ఆయన పక్కన నేను నిలబడ్డది. ఒకటి కాదు, నాలుగు చూపించాను. అది తలుచుకుంటే ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి.

ఫొటోలు చూసి, "సార్‌తో ఒక్కసారి మాట్లాడించండి, చాలు" అన్నాడు.

మా ఆయనది నైట్ షిఫ్ట్, రాత్రి 11 నుంచి పొద్దున 7 దాకా. బాయిలోకి సెల్‌ఫోన్ తీసుకెళ్లనివ్వరు. బొగ్గు గనిలో మీథేన్ ఉంటుంది, చిన్న నిప్పురవ్వ చాలు. కుర్రాడికి ఇదంతా విడమరిచి చెప్పాను. "ఈ రోజుల్లో ఫోన్ లేని ఉద్యోగం ఎక్కడుంది మేడం" అని నవ్వాడు. అంటే అబద్ధం చెబుతున్నానని.

కూర్చున్నాం. ఈలోపు ఒకాయన, ఒకావిడ వచ్చారు. "నేనూ మిసెస్సూ" అన్నాడాయన. రెండు నిమిషాల్లో తాళం చేతిలో పెట్టారు. ఆవిడ ఇంటిపేరు ఎవరూ అడగలేదు. ఆవిడ మీద నాకేం కోపం లేదు, చెప్పొచ్చింది వేరు.

అత్తమ్మకి షుగరు. బాత్రూం అడిగితే కింద ఉన్నది స్టాఫ్‌దట. పెద్దదాన్ని వెంటబెట్టుకుని మళ్లీ స్టేషన్ దాకా నడిచి, డబ్బులిచ్చి వెళ్లొచ్చింది. వచ్చి నేరుగా కౌంటర్ దగ్గరికి పోయింది.

"ఏం నాయనా, మీ అమ్మ ఒక్కతే వస్తే రూమియ్యవా?"

"రూల్ మామ్మగారూ. ఓనర్ తిడతారు."

"ఆ ఓనర్‌కి అమ్మ లేదా?"

దానికతను ఏమీ అనలేదు. పాపం వాడు జీతగాడేనని అత్తమ్మే తర్వాత జాలిపడింది. నాకు మాత్రం జాలి రాలేదు.

7:25కి ఫోన్ మోగింది. ఆయన బాయిలోంచి పైకి వచ్చి, నా మిస్డ్ కాల్స్ తొమ్మిది చూసి, కంగారుగా చేశాడు. ఏమీ చెప్పకుండా ఫోన్ కౌంటర్‌లో ఇచ్చేశాను. కుర్రాడు లేచి నిలబడ్డాడు. "నమస్తే సార్. ఏం లేదు సార్, మేడంగారు వచ్చారు, ఒకమాట మీ చెవిన వేద్దామని." అవతల ఆయనేమన్నాడో నాకు వినిపించింది: "ఇయ్యవయ్యా." అంతే. 203 తాళం బయటికొచ్చింది.

ఆ గొంతు మా ఆయనదేనని అతనికెవరు చెప్పారు? బయట టీ బండి దగ్గరున్న ఎవరినైనా బతిమాలి 'ఇయ్యవయ్యా' అనిపించినా సరిపోయేది కదా! నాలుగు ఆధార్ కార్డులు చేయలేని పని ఒక మగగొంతు చేసింది. ఆడవాళ్లకి రూమివ్వకూడదని చట్టమేదీ లేదు, ఎవరో ఒక ఓనరు బుర్రలో పుట్టిన రూలిది. బోర్డు మీద 'ఫ్యామిలీస్' బదులు 'మగవాళ్లు, వాళ్ల సామాన్లు' అని రాయించుకుంటే మాలాంటి వాళ్లం ముందే వేరేచోట చూసుకుంటాం. మేం పిల్లలకి ఆడా మగా సమానమని పాఠం చెబుతాం, పరీక్షలో రాయిస్తాం, మార్కులు వేస్తాం. బయటికొచ్చి చూస్తే ఇదీ.

తాళం వాడి మొహాన కొట్టి రావాల్సింది. రాలేదు. అత్తమ్మ కాళ్లు వాచి ఉన్నాయి, డబ్బు వెనక్కివ్వరు. తీసుకున్నాను.

మగవాళ్లు లేకుండా వెళ్లేవాళ్లు ముందురోజే లాడ్జికి ఫోన్ చేసి, "మేం ఆడవాళ్లమే వస్తున్నాం, ఇస్తారా" అని అడగండి. అడగడానికి చిన్నతనంగానే ఉంటుంది. అయినా అడిగి, జవాబు వాట్సాప్‌లో రాయించుకోండి. ఆధార్‌లో ఇంటిపేరు మార్చుకోమని మా చెల్లి సలహా. మార్చుకోను.

ఇక ఊరు. ఊరు మాత్రం బంగారం. పదింటికి ఆటో ఎక్కితే డ్రైవరు మా మొహాలు చూసి, "ఏటమ్మా, ఒంట్లో బాగోలేదా?" అన్నాడు. బీచ్ రోడ్డు దాకా పిల్లలకి జాగ్రత్తలు చెబుతూనే ఉన్నాడు: "ఆర్కే బీచ్‌లో నీళ్లలోకి దిగొద్దమ్మా, కెరటం లాగేస్తాది." అది నిజమే, దిగకండి. ఒడ్డున కూర్చుని మురీ మిక్చర్ తినండి చాలు.

బీచ్‌లో ఏదైనా ఒక్కటే చూడాలంటే కురుసుర సబ్‌మెరైన్ చూడండి. సోవియట్లు కట్టిన జలాంతర్గామి, 1969లో నేవీలో చేరింది, 1971 యుద్ధం నాటికి సర్వీసులోనే ఉంది, 2001లో రిటైరైంది. మర్నాటి ఏడాది నుంచి ఇసుకలో మ్యూజియం. పొడవు 91 మీటర్లు, లోపల మాత్రం ఇద్దరు ఎదురుపడితే ఒకరు పక్కకి ఒరగాలి. ఒక గదిలోంచి ఇంకో గదిలోకి గుండ్రటి కంతలోంచి ఒంగి, కాలెత్తి దాటాలి. అత్తమ్మ బయటే కూర్చుంటుందనుకున్నాను. కుచ్చెళ్లు ఎత్తి దోపుకుని నాకన్నా ముందే దాటేసింది. లోపల వివరించేది నేవీలో చేసి రిటైరైన పెద్దాయన. టార్పెడోల పక్కనే మంచాలు, ఒకదాని మీద ఒకటి, డెబ్బై మందికి పైగా ఇందులోనే ఉండేవారని చెప్పాడు. అత్తమ్మ ఒక మంచం అంచు పట్టుకుని ఆగిపోయింది. పైన పైపుల వైపు చూసింది. "మనోడు పని చేసేది కూడా ఇట్టాంటి దాంట్లోనేనా?" అంది. బాయి ఇంతకన్నా వెడల్పేనని చెప్పాను. నమ్మినట్టు లేదు. ఆ పెద్దాయన విని, "మీ అబ్బాయి నేవీనా అమ్మా?" అన్నాడు. "కాదయ్యా, బొగ్గుబాయి" అంది. ఆయన కాసేపు ఆగి, అయితే అబ్బాయికి ఇదంతా మామూలేనని నవ్వాడు. పొద్దున్నుంచీ మా మాట నమ్మిన మొదటి మనిషి ఆయనే. రోడ్డుకి అవతల టీయూ-142 విమానం ఉంది, చిన్నోడికి దానికన్నా బయట ఐస్‌క్రీమ్ నచ్చింది.

మర్నాడు అరకు. అద్దాల బోగీ టికెట్లు ఎప్పుడో అయిపోయాయి, మామూలు పెట్టెలోనే వెళ్లాం. రైలు పొద్దున్నే ఉంటుంది. దారంతా సొరంగాలే, ప్రతిదాంట్లోనూ పెట్టెలో పిల్లలంతా కలిసి అరుస్తారు. చిన్నోడు కొంత దాకా లెక్కపెట్టి, అక్కతో దెబ్బలాటలో తప్పిపోయాడు. బొర్రా గుహలు స్టేషన్‌లో దిగి గుహలు చూసి, జీపులో అరకు వెళ్లాం. గుహల్లో మెట్లు ఎక్కువ, మోకాళ్ల నొప్పులవాళ్లు ఆలోచించుకోవాలి. గోస్తనీ నది ఈ కొండల్లో పుట్టి భీమిలి దగ్గర సముద్రంలో కలుస్తుందని చెబితే పెద్దది "సెలవుల్లో కూడానా అమ్మా" అంది. బొంగులో చికెన్ బాగుంది, కాఫీ ఇంకా బాగుంది. తిరిగొచ్చేసరికి రాత్రి బాగా పొద్దుపోయింది. అది మాత్రం పిల్లలకి నరకమే, దబాయించి మంచిదని చెప్పను.

ఆదివారం సింహాచలం. స్వామి ఏడాదంతా చందనంలోనే ఉంటాడు, వైశాఖ శుద్ధ తదియ నాడు మాత్రమే నిజరూపం. అత్తమ్మ కప్పస్తంభాన్ని కౌగిలించుకుని చాలాసేపు వదల్లేదు, వెనక జనం గొణిగారు. ఏం కోరుకున్నావని అడిగితే చెప్పలేదు. సాయంత్రం కైలాసగిరి: రోప్‌వేలో పైకి, శివపార్వతుల ముందు ఫొటోలు, కొండ చుట్టూ తిరిగే చిన్న రైలు, కింద సముద్రం.

సోమవారం జూకి వెళ్లాం. మూసి ఉంది. జూకి సోమవారం సెలవు. ఇది ఎవరి తప్పూ కాదు, నాదే. చిన్నోడు గేటు పట్టుకుని ఏడ్చాడు. వాణ్ణి ఊరడించడానికి అటునుంచి అటే రుషికొండ తీసుకెళ్లాను. శుభ్రమైన బీచ్‌లకిచ్చే బ్లూ ఫ్లాగ్ గుర్తింపు 2020లో దీనికి వచ్చింది. ఆర్కే బీచ్ అంత రద్దీ లేదు, తడిసిన బట్టలు మార్చుకోవడానికి గదులున్నాయి. ఆడపిల్లలున్నవాళ్లకి అది ఎంత పెద్ద విషయమో వేరే చెప్పక్కర్లేదు.

మధ్యాహ్నం చెక్-అవుట్. అదే కుర్రాడు. "బాగా తిరిగారా మేడం? మంచి రేటింగ్ ఇవ్వండి" అన్నాడు. సంతకం పెట్టమని రిజిస్టర్ నా వైపు తిప్పాడు. 203 ఎదురుగా మా ఆయన పేరు రాసి ఉంది. దాని పక్కన 'ప్లస్ ఫ్యామిలీ'. ఆ నాలుగు రోజులూ బాయిలో ఉన్న మనిషి ఆ లాడ్జిలో బస చేశాడు, మేం ఆయన పక్కన 'ప్లస్'.

పెన్ను లాక్కుని ఆ పేరు అడ్డంగా కొట్టేశాను. "మేడం, రిజిస్టర్‌లో కొట్టివేతలు ఉండకూడదు" అన్నాడు. "మరి రాని మనిషిని రాయొచ్చా?" అన్నాను. నా పేరు రాయబోతుంటే అత్తమ్మ చెయ్యి చాపింది.

"ఇటియ్యి. పెద్దదాన్ని నేనున్నా కదా."

అత్తమ్మ ఐదో తరగతి దాకా చదివింది. దారం చాలక రిజిస్టర్‌నే దగ్గరికి జరుపుకుని, కళ్లజోడు పెట్టుకుని, ఇంటిపేరుతో సహా పూర్తిగా రాసింది. అక్షరాలు రెండు గళ్లు దాటి పక్క గదివాళ్ల వరుసలోకి వెళ్లాయి. కుర్రాడు చూస్తూ నిలబడ్డాడు. తర్వాత ఆటోలో స్టేషన్‌కి వెళ్లాం, రైలు గంట లేటు.