నౌపడ న్యారో గేజ్ మోడల్: ట్రాక్ అయింది, ఇక డీజిల్ వంతు

శ్రీకాకుళం జిల్లా నౌపడ నుంచి ఒడిశాలోని గుణుపూర్ దాకా ఒకప్పుడు నడిచిన చిన్న రైలు లైనుకి నేను చేస్తున్న బుల్లి మోడల్‌కి పట్టాలు వేయడం అయిపోయింది, బ్యాలస్ట్ (పట్టాల కింద పోసే కంకర) సగం పడింది. అసలు లైను దాదాపు 90 కిలోమీటర్లు, 1:87 స్కేల్లో కూడా కిలోమీటరు పైమాటే, అందుకని ఆ ఆశ మొదట్లోనే వదిలేసి ఒక్క నౌపడ స్టేషన్‌ పట్టుకున్నాను. హౌరా–చెన్నై పెద్ద లైను, చిన్న లైను కలిసేది అక్కడే, సరుకంతా ఒక బండిలోంచి దించి ఇంకోదాంట్లోకి ఎక్కించాల్సి వచ్చేదీ అక్కడే.

చిన్న లైను గేజ్, అంటే రెండు పట్టాల మధ్య ఎడం, 762 మి.మీ., 87తో భాగిస్తే 8.76. ఇంకా చిన్న స్కేల్ మోడళ్ల కోసం అమ్మే ఎన్ గేజ్ ట్రాక్ 9 మి.మీ., ఆ తేడా కంటికి ఆనదు. చిక్కల్లా స్లీపర్లతోనే, అంటే పట్టాల కింది అడ్డదిమ్మలతోనే. మరీ దగ్గరదగ్గరగా ఉంటాయి కాబట్టి వాటి మధ్య ప్లాస్టిక్ అతుకులు బ్లేడుతో కోసి, ఎడంగా జరుపుకుంటూ పోయాను. విసుగు పనే, కానీ వదిలేస్తే అచ్చం పిల్లల బొమ్మ రైలు. బ్రాడ్ గేజ్ (పెద్ద లైను) వైపు మాత్రం 19.26 మి.మీ. రావాల్సిన చోట ఈ స్కేల్లో మామూలుగా దొరికే 16.5 మి.మీ. ట్రాకే వేశాను, అటు రెండు వ్యాగన్లు నిలబెట్టడమే గానీ బండి నడిపేది లేదు. బ్యాలస్ట్‌కి ముందు నీళ్లు స్ప్రే చేసి, ఫెవికాల్, నీళ్లు సగం సగం కలిపి, ఒక్క చుక్క గిన్నెలు తోమే లిక్విడ్ వేసి పోస్తున్నాను.

ఏ ఏడాది నౌపడ అన్నది తేల్చుకోవడానికే ఎక్కువ తల పట్టుకున్నాను. పర్లాకిమిడి రాజావారు వేయించిన ఈ లైను 1900లో మొదలై 1931కి గుణుపూర్ చేరింది, ఆవిరి ఇంజన్లు 1990ల మొదటిదాకా లాగాయి, తర్వాత డీజిల్, 2004 జూన్‌లో గేజ్ మార్పిడి కోసం ఆపేశారు. అందం ఆవిరిదే, కాదనను, కానీ ఈ సైజులో ఆ కడ్డీలూ కీళ్లూ చేయడం నా వల్ల కాదు. కాబట్టి 1990ల చివర, జడ్‌డీఎం-5 డీజిల్ ఇంజన్: నాలుగు ఇరుసుల ఎన్ గేజ్ చాసిస్ మీద అర మి.మీ. స్టైరిన్ ప్లాస్టిక్ షీట్ బాడీ. పెట్టెల మీద రాయాల్సింది అప్పటి రైల్వే జోన్ పేరు, సౌత్ ఈస్టర్న్ అని. ఈస్ట్ కోస్ట్ జోన్ పని మొదలుపెట్టింది 2003 ఏప్రిల్‌లో, అంటే దాని కింద ఈ బండి నడిచింది ఏడాది మీద రెండు నెలలే. నెట్‌లో ఫొటో చూసి రంగులేసేవాళ్లు ముందు తేదీ చూడండి బాబూ.

తర్వాతి పని స్టేషన్ బోర్డు. అసలు అక్షరం 30 సెం.మీ. అనుకున్నా ఇక్కడ మూడున్నర మిల్లీమీటర్లు, ఇంక్‌జెట్‌లో ‘నౌ’ మీద ఔత్వం అలుక్కుపోతోంది, లేజర్ ప్రింట్ తీయించాలి.